మిషనత్త, పగడపు పులి, ఒక గళ్ళ చొక్కా

మిషనత్తకు చిరుగు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. అది జబ్బు అంటుంది కూతురు. కళ అంటాడు మొగుడు. ఆవిడ మాత్రం ఏమీ అనకుండా సూదిలోకి దారం ఎక్కిస్తుంది. ఒకసారి బస్సులో, ముందు సీట్లో కూర్చున్న ముక్కూమొహం తెలియని పెద్దమనిషి చొక్కా కాలరు వెనక కుట్టు విడిపోయి ఉంది. ఆయన కునికిపాట్లు పడుతున్నంతసేపూ దాన్నే చూసి చూసి, ఇక ఉండబట్టలేక, సంచిలోంచి సూది తీసి కుట్టేసింది. ఆయన ఉలిక్కిపడి కళ్ళు తెరిచేసరికి వంగి పళ్ళతో దారం కొరుకుతోంది. ఎవరో ఆడమనిషి తన మెడ దగ్గర పళ్ళు పెట్టిందని ఆయన పెట్టిన కేకకు డ్రైవరు బస్సు ఆపేశాడు. సంగతి తెలిశాక బస్సంతా పడీ పడీ నవ్వింది. ఆయన మాత్రం దిగేదాకా మెడ తడుముకుంటూనే ఉన్నాడు.

ఆవిడ కొట్టు బస్టాండు వెనక వీధిలో, ఒక మేడ మెట్ల కింద ఉంటుంది. తల వంచుకునే లోపలికి పోవాలి, తల వంచుకునే బయటికి రావాలి. మర్చిపోయినవాళ్ళ నెత్తి మీద బొప్పి కట్టడం ఖాయం కాబట్టి మెట్టు అంచుకు ఒక దిండు కుట్టి కట్టింది. లోపల మిషను, కత్తిరింపుల బల్ల, గోడ పొడుగునా గుండీల సీసాలు, మేకులకు వేలాడే సగం కుట్టిన బట్టలు. ఆవిడకు పని నేర్పింది వాళ్ళమ్మ. చిరిగిన బట్ట చిరిగినట్టు గుమ్మం దాటిపోకూడదని వాళ్ళమ్మ గట్టిగా చెప్పింది. కుట్టమని అడిగారా లేదా అన్నది వేరే సంగతి. ప్యాంటు పొట్టి చేయమని ఇచ్చినవాడికి జేబు చిల్లు కూడా పూడ్చి ఇస్తుంది. "జేబు నేను చెప్పలేదే" అని వాడంటే, "నేనూ చెప్పలేదుగా" అంటుంది.

మొగుడు బోర్డులు రాసే మనిషి. వీధి మొత్తానికి బోర్డుల మావ. పెళ్ళికి ముందు ఆవిడ కొట్టుకు బోర్డు రాయడానికి వచ్చి, మిషను ముందు కూర్చున్న అమ్మాయి బొమ్మ వేశాడు. ఆవిడ పోలిక రాలేదని తుడిచేశాడు. మళ్ళీ వేశాడు, మళ్ళీ తుడిచాడు. అలా నెల్లాళ్ళు నిచ్చెన దిగలేదు. చివరికి ఆవిడే విసుక్కుని, "బొమ్మ సంగతి తేల్చండి, మీ నిచ్చెన అడ్డమై గిరాకీ లోపలికి రావట్లేదు" అంది. "బొమ్మలోకి మీరు రావట్లేదు. మా ఇంట్లోకి వస్తారేమో చెప్పండి" అన్నాడట. ఆవిడ వెళ్ళింది. బోర్డు మీద ఉన్న అమ్మాయి మాత్రం ఎవరో ఇప్పటికీ తెలియదు.

వాళ్ళ కూతురు బడికి వెళ్ళే రోజుల్లో ఆ ఊళ్ళోకి సినిమావాళ్ళు దిగారు. దిగారంటే హంగూ ఆర్భాటం ఏమీ లేదు. తోస్తే గానీ కదలని వ్యాను ఒకటి, అందులో కెమెరా, కెమెరా మీద గొడుగు పట్టుకోవడానికి ఒకడు, వాడి మీద అరవడానికి ఒక డైరెక్టరు. ఆయన నెత్తిన ఎప్పుడూ గుడ్డ టోపీ ఉండేది కాబట్టి వీధివాళ్ళు టోపీ డైరెక్టరు అన్నారు. తీయబోయే సినిమా పేరు పగడపు పులి. ఆ పేరుగల విగ్రహాన్ని దొంగలు ఎత్తుకుపోతే హీరో కాలికి బలపం కట్టుకుని ఆసియా ఖండమంతా తిరిగి పట్టుకొస్తాడు. అంతే కథ. 'ఏడు దేశాల్లో చిత్రీకరించిన సాహస యాత్ర' అని పోస్టర్లు ముందే అచ్చయిపోయాయి. డబ్బు పెట్టింది ఒక సబ్బుల ఏజెంటు. ఆయన డబ్బు పక్క ఊరు దాకా వెళ్ళడానికి కూడా చాలలేదు. అందుకని ఏడు దేశాలూ బస్టాండు వెనక వీధికే రావలసి వచ్చింది.

అక్కడే బోర్డుల మావ దశ తిరిగింది. పొద్దున్న బోర్డులు మారిస్తే వీధి బ్యాంకాక్ అయ్యేది. భోజనాలయ్యాక ఎర్ర కాగితం లాంతర్లు కట్టి, ఇంకో రకం బోర్డులు తగిలిస్తే హాంకాంగ్ అయ్యేది. ఆ దేశాల అక్షరాలు ఆయనకు ఒక్కటీ రావు. వంకర గీతలు ఇష్టమొచ్చినట్టు గీశాడు. "ఏ దేశంవాడూ చదవలేడు కాబట్టి ఏ దేశంవాడూ తప్పు పట్టలేడు" అని ధైర్యం. అడవి సీన్లు నీళ్ళ ట్యాంకు పక్కన మొక్కలు అమ్మే తోటలో తీశారు. ఆ కీకారణ్యంలో చెట్లన్నీ కుండీల్లో ఉన్నాయి. హీరో పరుగెత్తుతూ రెండు కుండీలు తన్నేస్తే, కర్ర పట్టుకుని వెంటపడ్డ తోటమాలి కూడా సినిమాలో ఉండిపోయాడు. కథలో ఆయన్ని ఆటవికుల నాయకుడు అని సర్దుకున్నారు. సముద్రం ఊరి ఈతకొలను. ఏ దేశంలో చూసినా ఒక మూల సబ్బుల దొంతర కనపడేది, అది నిర్మాత పట్టుదల.

మావకు బోర్డులతో పాటు వేషం కూడా దొరికింది, దొంగల ముఠాలో ఒకడిగా. హీరో చేతిలో ప్రతి దేశంలోనూ చచ్చాడు. మీసంతో చస్తే ఒక దేశం, మీసం లేకుండా చస్తే ఇంకో దేశం. పులి విగ్రహం చేసిందీ ఆయనే. సుద్దతో పోత పోసి ఎర్ర రంగు కొట్టాడు. రెండో వారంలో తోక విరిగింది. అతికించే తీరిక ఎవరికీ లేక సగం సినిమాలో పులికి తోక ఉంది, సగంలో లేదు.

మిషనత్తకు అప్పజెప్పిన పని హీరో చొక్కా. ఎరుపూ నలుపూ గళ్ళ చొక్కా, అది ఒక్కటే. హీరో అంతకు ముందు కండలు పెంచే పొడి డబ్బాల మీద బొమ్మగా ఉండేవాడు. ఆ భుజాలకు పట్టే చొక్కా బజారు మొత్తం మీద ఒక్కటే దొరికింది. ఆ ఒక్కదానితోనే ఏడు దేశాలూ తిరగాలి. రోజూ సాయంత్రం షూటింగు అయ్యాక చొక్కా మిషనత్త కొట్టుకు వచ్చేది. ఉతికి, ఆరేసి, పొద్దున్నే ఇస్త్రీ చేసి పంపాలి. "వంతెన మీద కొట్లాటలో ఎడమ భుజం దగ్గర చిరుగుతుందమ్మా. చిరిగింది చిరిగినట్టే ఉంచాలి" అని డైరెక్టరు చెప్పాడు. ఆవిడ తల ఊపింది. తల ఊపడం వరకు నిజమే.

కానీ చొక్కా ఇస్త్రీ బల్ల మీద పరుచుకుని, ఆ భుజం మీద జానెడు చిరుగు నోరు తెరుచుకుని తననే చూస్తుంటే ఏం చేస్తుంది పాపం? లోపలి మడతలోంచి అదే రంగు దారాలు లాగింది. ఎరుపు మీద ఎరుపు, నలుపు మీద నలుపు, గడిలో గడి కలిసేలా చిరుగు పొడుగునా అల్లేసింది. అరిచేత్తో నిమిరి చూసుకుని, ఇస్త్రీ చేసి, హాయిగా నిద్రపోయింది. మర్నాడు హడావిడిలో ఎవరూ గమనించలేదు. కొట్లాటలో చొక్కా మళ్ళీ చిరిగింది. సాయంత్రం ఆవిడ మళ్ళీ అల్లింది. ఇలా రోజూ సాగిపోయింది. వంతెన కొట్లాట ఒక ముక్క నిన్న, ఒక ముక్క ఇవాళ, ఒక ముక్క ఎల్లుండి తీస్తున్నారని ఆవిడకు తెలుసు. తెలిసినా చెయ్యి ఊరుకోలేదు, అంతే.

తీసిన రీళ్ళు కడిగించి చూసుకున్నాక గానీ డైరెక్టరుకు గుండెల్లో రాయి పడలేదు. తన హీరో వంతెన మీంచి చిరిగిన చొక్కాతో దూకి, కొత్త చొక్కాతో నీళ్ళలో పడ్డాడు. గుహలోకి బాగున్న చొక్కాతో వెళ్ళి, ఎవరూ ముట్టుకోకుండానే చిరిగిన చొక్కాతో బయటికొచ్చాడు. ఇక ఆఖరి కొట్లాట ఒక్కటే మిగిలి ఉంది. మళ్ళీ తీయడానికి రీలూ లేదు, నిర్మాతకు ఓపికా లేదు. డైరెక్టరు చొక్కా పట్టుకుని మెట్ల కిందికి దూసుకొచ్చాడు. దిండు ఉండబట్టి తల బతికింది.

"ఎవరు కుట్టమన్నారమ్మా మిమ్మల్ని?"

"చిరిగితే కుట్టరా? ఒకరు చెప్పాలా?" అంది మిషనత్త.

"చిరిగినట్టే ఉంచమని చిలక్కి చెప్పినట్టు చెప్పానే!"

"చెప్పారు. వినలేదు. చిరిగిన బట్ట ఈ గుమ్మం దాటదు."

డైరెక్టరు బల్ల మీది కత్తెర తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. "మీరే చింపండి. ఇప్పుడే, నా కళ్ళ ముందు."

"నేనా?" ఆవిడ కత్తెర బల్ల మీద పెట్టేసింది. "ప్రాణం పోయినా చింపను."

ఆయన పళ్ళు నూరుతూ చొక్కాను రెండు చేతులా పట్టుకుని భుజం దగ్గర లాగాడు. రాలేదు. మోకాలు ఆనించి లాగాడు. రోజూ అల్లి అల్లి బిగిసిన చోట అంగుళం కూడా కదల్లేదు గానీ, కింద జేబు పక్కన మంచి గుడ్డ పర్రుమని చిరిగిపోయింది. ఇద్దరూ ఒక్క క్షణం ఆ చిరుగుకేసి చూశారు. తన కళ్ళ ముందు ఎవరో పసిపిల్లను కొట్టినంత కోపం వచ్చింది ఆవిడకు.

"మీ కుట్టు తెర మీద గోడంత కనపడుతుంది, చూడండి. లోకమంతా నవ్వుతుంది. ఇక చొక్కా మీ దగ్గరికి రాదు" అన్నాడాయన, చొక్కా చంకలో పెట్టుకుని.

"కనపడితే ఆ రోజే ఈ మిషను మూసేస్తాను, మళ్ళీ ముట్టుకోను. వినండి, వీధిలో అందరూ వినండి!" అంది మిషనత్త.

వీధి విననే విన్నది. అప్పటికే సగం వీధి మెట్ల ముందు నిలబడి ఉంది.

సినిమా ఎక్కడో విడుదలై, ఎక్కడో మూడు రోజులు ఆడి, ఎటో పోయింది. ఆ ఊరికి రానేలేదు. మిషనత్త ఒట్టు అలాగే గాలిలో వేలాడుతూ ఉండిపోయింది. కూతురు పెరిగింది, ఉద్యోగంలో చేరింది, అమ్మకు కళ్ళజోడు కొనిపెట్టింది. మావకు మోకాళ్ళ నొప్పులొచ్చి నిచ్చెన ఎక్కడం మానేసి, కింద కూర్చుని రాసే పనులే చేస్తున్నాడు. మిషనత్త మాత్రం మిషను ముందు కూర్చుంటూనే ఉంది. ఆ చప్పుడు లేకపోతే ఆవిడకు అన్నం సహించదు.

అలాంటి రోజుల్లో ఒకనాడు మావ చేతుల నిండా రంగుతో ఎగురుకుంటూ వచ్చాడు. "ఏమోయ్, పులి వచ్చేసింది!"

బజారు చివరి పాత సినిమా హాలును ఈ మధ్య దాని యజమాని కూతురు నడుపుతోంది. తెలివైన పిల్ల. ఆదివారం పొద్దుటి ఆటకు పాత చెత్త సినిమాలు ఏరి కోరి తెచ్చి వేస్తుంది. జనం కేవలం నవ్వుకోవడానికి వస్తారు. ఈసారి రాయమని మావకు ఇచ్చిన పోస్టరు పగడపు పులిది.

మిషనత్త కుడుతున్న చెయ్యి ఆగిపోయింది. "నిజంగానా?"

"నేను చావడం మళ్ళీ చూస్తావుగా. నలుగురినీ పిలుద్దాం" అన్నాడు మావ. ఆయనకు ఒట్టు సంగతి గుర్తొచ్చేసరికి ఆవిడ మొహం పాలిపోయి ఉంది.

కూతురు ఫోనులో నవ్వింది. "పోనీలేమ్మా. కుట్టు కనపడితే మానేయ్. నడుం నొప్పి తగ్గుతుంది."

"నువ్వు నోరు ముయ్యి" అని ఫోను పెట్టేసింది ఆవిడ. ఒట్టు వేసింది తను, మాట తప్పే మనిషి కాదు. శనివారం సాయంత్రం మిషనుకు నూనె వేసింది. బాబిను తీసి తుడిచింది, పట్టా తుడిచింది, తుడవనవసరం లేని చోట్లు కూడా తుడిచింది. మావ చూసి, ఏదో జోకు వేయబోయి మానుకున్నాడు.

ఆదివారం హాలు కిటకిటలాడింది. మిషనత్త కళ్ళజోడు పెట్టుకుని మొదటి వరుసలో కూర్చుంది, ఒక పక్క మావ, ఒక పక్క కూతురు. సినిమా మొదలైన కాసేపటికే జనం కడుపులు పట్టుకున్నారు. అడవిలో కుండీలు కనపడగానే ఈలలు. తోటమాలి కర్రతో రాగానే చప్పట్లు. మావ మొదటి దేశంలో చచ్చినప్పుడు ఎవరూ పట్టించుకోలేదు గానీ, మూడో దేశంలో మీసంతో ప్రత్యక్షమయ్యేసరికి హాలంతా "వచ్చావా నాయనా!" అని లేచింది. మావ లేచి నాలుగు దిక్కులా దండం పెట్టాడు. మిషనత్తకు నవ్వు రావట్లేదు.

వంతెన వచ్చింది. దొంగ హీరోను పట్టుకుని లాగాడు, ఎడమ భుజం దగ్గర చొక్కా చిరిగింది. హీరో దూకాడు. ఈతకొలనులోంచి పైకి లేచాడు. చొక్కా శుభ్రంగా ఉంది. వెనకనుంచి ఎవరో అరిచారు: "ఒరేయ్, చొక్కా అతుక్కుపోయిందిరా!"

అంతే, పైకప్పు లేచిపోయింది. అక్కడి నుంచి జనం హీరోను చూడటం మానేసి చొక్కానే చూశారు. చిరిగితే "చిరిగే!" అని, మరుక్షణం బాగయితే "అతికే!" అని ఒకే గొంతుతో అరవడం మొదలెట్టారు. హీరోకు ఏమైనా ఫరవాలేదు, చొక్కా క్షేమంగా ఉండాలి. ఇంతలో హీరోయిన్ అతని భుజానికి మందు రాసే సీను వచ్చింది. కెమెరా దగ్గరికి, ఇంకా దగ్గరికి పోయి, తెర నిండా ఆ ఎడమ భుజమే నిలిచింది, నిజంగానే గోడంత.

మిషనత్త లేచింది. నడిచి వెళ్ళి తెర ముందు నిలబడింది. ఆవిడ నీడ హీరో చేతి మీద పడింది. "కూర్చోవమ్మా!" అని వెనకనుంచి కేకలు. వినిపించుకోలేదు. ఎర్ర గీత పైనుంచి కిందికి తిన్నగా దిగింది. నల్ల గీత అడ్డంగా తిన్నగా పోయింది. ఎక్కడా మెలిక లేదు, ముడి లేదు, వంకర లేదు. ఆవిడ మెల్లగా వెనక్కి వచ్చి కూర్చుంది. "కనపడలేదు" అంది. కూతురు ఆవిడ చెయ్యి పట్టుకుని, "నాకూ కనపడలేదమ్మా" అంది. కూతురి కళ్ళలో నీళ్ళు చూసి అప్పుడు నవ్వింది మిషనత్త, నవ్వితే ఇక ఆగలేదు.

ఆఖరి కొట్లాటలో చొక్కా జేబు పక్కన చిరిగి ఉంది. "అతికే, అతికే!" అని హాలంతా చప్పట్లు కొడుతూ ఎదురుచూసింది. అతకలేదు. హీరో తోక లేని పులిని ఎత్తి పట్టుకున్నాడు, శుభం పడింది, చిరుగు అలాగే ఉండిపోయింది. జనం "అయ్యో" అన్నారు. అది చొక్కా తన దగ్గరికి రావడం మానేశాక తీసిందని మిషనత్తకు తెలుసు. అంత సంతోషంలోనూ ఆవిడకు మనసు చివుక్కుమంది.

బయట వరండాలో ఒక ముసలాయన కాగితం పొట్లం పట్టుకుని నిలబడి ఉన్నాడు. నెత్తిన గుడ్డ టోపీ.

"ఏమ్మా, గుర్తుపట్టారా?"

"టోపీ మార్చలేదుగా, ఎందుకు పట్టను?" అంది మిషనత్త. "కనపడిందా నా కుట్టు?"

"లేదమ్మా. ఎడిటింగు గదిలో రోజుల తరబడి వెతికాను, మీకు చూపించి తిట్టాలని. దొరకలేదు." ఆయన నవ్వాడు. "సినిమా పోయింది. మీ మీద చాలా ఏళ్ళు మండిపడ్డాను. తర్వాత ఎవరో ఒక హాల్లో నవ్వుకోవడానికి వేశారు. చొక్కా కోసం జనం ఎగబడ్డారు. ఇప్పుడు ఊరూరా పిలుస్తున్నారు. ఆ చొక్కానే లేకపోతే నా సినిమా మొహం ఎవడు చూస్తాడమ్మా?"

పొట్లం విప్పాడు. ఎరుపూ నలుపూ గళ్ళ చొక్కా. "ఇప్పటికైనా చెప్పండి, కుట్టు ఎక్కడుంది?"

మిషనత్త చొక్కా అందుకుంది. ఎడమ భుజం వెలుతురుకు పెట్టి చూసింది. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చూసింది. తిరగేసి చూసింది, వేళ్ళతో నిమిరింది. తలెత్తి మొగుడి వైపు చూసింది. "ఏమండీ, నాకే దొరకట్లేదు!" అంది. మావ నవ్వలేక అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు.

అప్పుడు ఆవిడ వేలు జేబు పక్కకు వచ్చి ఆగింది. చిరుగు అలాగే ఉంది, అంచులు పీచు లేచి.

"ఇన్నేళ్ళూ ఇలాగే వదిలేశారా?"

"ఎవరికిచ్చినా కుట్టేవారే" అన్నాడు డైరెక్టరు. "ఇవ్వబుద్ధి కాలేదు. మీ కళ్ళ ముందు చింపాను కదా. మీరే కుట్టాలనిపించింది."

మిషనత్త హాలు మెట్ల మీద కూర్చుని సంచిలోంచి సూది తీసింది. చొక్కా లోపలి మడతలోంచి ఒక ఎర్ర పోగు, ఒక నల్ల పోగు లాగింది. కూతురు సూదిలోకి దారం ఎక్కించి ఇచ్చింది. ఆట వదిలిన జనం ఇళ్ళకు పోకుండా చుట్టూ మూగారు. ఈవిడేనా, ఈవిడేనా అని గుసగుసలాడారు. ఆవిడ వంగి పళ్ళతో దారం కొరికి, అరిచేత్తో నిమిరి, చొక్కా ఎత్తి చూపించింది. "అతికే!" అని అరిచింది వీధంతా.

డైరెక్టరు టోపీ తీసి దండం పెట్టాడు. మిషనత్త చూపు ఆ టోపీ అంచున ఆగింది. వెనక వైపు కుట్టు విడిపోయి వేలాడుతోంది.

"అది వద్దమ్మా, అది నా..." అన్నాడాయన.

అప్పటికే టోపీ ఆవిడ ఒళ్ళో ఉంది.